మూడో పుస్తకంతో ఆపేయాలా? ‘టెహాను’ చదివిన నా అనుభవం

ఉర్సులా కె. లెగ్విన్ రాసిన ‘టెహాను’ పోయిన వారం పూర్తి చేశాను. ఎర్త్‌సీ అనే దీవుల లోకంలో జరిగే ఫాంటసీ నవలల వరసలో ఇది నాలుగో పుస్తకం. ముందు మూడూ నాకు ప్రాణం. నాలుగోదాని జోలికి మాత్రం చాలా ఏళ్లు వెళ్లలేదు. అందులో మన మంత్రగాడు గెడ్‌కి మంత్రశక్తి ఉండదనీ, సాహసాలు ఉండవనీ, మూడింటితో ఆపేస్తేనే మంచిదనీ చెప్పినవాళ్లు ఎక్కువ. అలాంటి మాటలు విని ఆగిపోయినవాళ్లు ఇంకా చాలామంది ఉంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఏ అధ్యాయం దగ్గర ఏమవుతుంది, ఎక్కడ ఆగిపోవాలనిపిస్తుంది, ఎక్కడ నిద్ర పట్టదు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్తాను. కథ కూడా చాలావరకు చెప్పేస్తాను. ఏమీ తెలియకుండా చదవాలనుకుంటే ఇక్కడే ఆగి, పుస్తకం అయ్యాక రండి.

మార్చిలో మొదలుపెట్టాను. ‘టెహాను’తో కాదు, మళ్లీ మొదటి పుస్తకం (1968) నుంచి. పాత కథ గుర్తుంది కదా అని నేరుగా నాలుగోదానికి వెళ్దామనుకునేవాళ్లకి ఒక మాట. మొదటిది మసకగా గుర్తున్నా ఫర్వాలేదు. రెండోది (1971) మాత్రం తప్పకుండా మళ్లీ చదవండి. ఎందుకంటే ‘టెహాను’ గెడ్ కథ కాదు, టెనార్ కథ. ఐదేళ్ల పిల్లని ఇంటి నుంచి తీసుకెళ్లి, పేరు కూడా లాగేసుకుని, సమాధుల దగ్గర పూజారిణిగా పెంచుతారు. నేల కింద చీకట్లో చేత్తో తడుముకుంటూ దారులు నేర్చుకున్న ఆ పిల్ల మన మనసులో తాజాగా ఉంటేనే, ఇక్కడ వంటింట్లో నిలబడిన నడివయసు ఆవిడ ఎందుకు అలా ఆలోచిస్తుందో అందుతుంది. మూడోదానికి (1972) టైం లేకపోతే కనీసం చివరి రెండు అధ్యాయాలైనా చూడండి.

ఏప్రిల్ చివర్లో మూడోది ముగిసింది. అందులో ఆఖర్న కలెస్సిన్ అనే ముసలి డ్రాగన్ గెడ్‌ని వీపు మీద ఎక్కించుకుని, మంత్రగాళ్ల బడి ఉన్న రోక్ దీవి నుంచి అతని సొంత దీవి గాంట్ వైపు ఎగిరిపోతుంది. నేను వెంటనే తర్వాతిది తెరవలేదు. కావాలనే కొన్నాళ్లు ఆగాను. 1972లో ఆ పేజీ దగ్గర ఆగినవాళ్లకి తర్వాతి పుస్తకం 1990లో గానీ చేతికి రాలేదు. పద్దెనిమిదేళ్లు! ఇంకోటి వస్తుందన్న ఆశ కూడా లేకుండా గడిపిన ఏళ్లు. నాకేమో పుస్తకం అలమరలోనే ఉంది, అయినా ఆ కొన్నాళ్లకే టెన్షన్. ఇష్టమైన రచయిత్రి, ఇష్టమైన లోకం. చదివాక అది నచ్చకపోతే పాత మూడింటి మీద ప్రేమ కూడా పాడవుతుందేమో అన్నదే నా భయమంతా. సీక్వెల్ దగ్గర వెనకాడే ప్రతివాళ్లకీ ఉండే భయం ఇదే అనుకుంటాను.

పుస్తకం తెరిచాక మొదట ఆశ్చర్యపరిచింది కాలం లెక్క. బయట పద్దెనిమిదేళ్లు గడిచాయి కానీ గెడ్ కథలో ఎడమే లేదు. 1972లో రోక్ నుంచి ఎగిరిన డ్రాగన్ 1990లో గాంట్ కొండ మీద వాలింది, అంతే. టెనార్‌కి మాత్రం బోలెడు కాలం గడిచిపోయింది. రెండో పుస్తకం చివర్లో ఇంకా చిన్నపిల్లే. ఇప్పుడు భర్త పోయిన రైతు ఇల్లాలు, పెరిగి పెద్దయిన ఇద్దరు పిల్లల తల్లి. ఆమె పెళ్లి, పురుళ్లు, పొలం పనులు ఇవేవీ మనం చూడలేదు. ఆ చూడని ఏళ్ల బరువంతా మొదటి పేజీ నుంచే తెలుస్తూ ఉంటుంది.

చేతిలో పట్టుకునే పుస్తకం గురించి కూడా చెప్పాలి. ఆరు పుస్తకాలూ కలిపి చార్ల్స్ వెస్ బొమ్మలతో 2018లో ఒక పెద్ద సంపుటి వచ్చింది. దాదాపు వెయ్యి పేజీలు. బొమ్మలు, మ్యాపు చూడ్డానికి అంత బాగుంటుందా, పడుకుని చదవడానికి మాత్రం కుదరదు, మణికట్లు నొప్పెడతాయి. నేను దాన్ని బల్ల మీద మ్యాపు కోసం తెరిచి పెట్టుకుని, చదవడానికి విడి పుస్తకం వాడాను. పాత ముద్రణల్లో ‘టెహాను’ పేరు కింద ఇది ఎర్త్‌సీ చివరి పుస్తకం అని ఉపశీర్షిక ఉంటుంది. అది చూసి దిగులు పడకండి. 2001లో ఇంకో రెండు వచ్చాయి, ఒక కథల పుస్తకం, ఒక నవల. చివరిది అని పెట్టినందుకు లెగ్విన్ తర్వాత ఆ కథల పుస్తకం ముందుమాటలో తనను తానే మందలించుకున్నారు కూడా. ఈ సంగతి ముందే తెలిసి ఉండటం నాకు మేలు చేసింది. ఆఖరి పేజీలు అయిపోతున్నాయే అని పొదుపు చేసుకుంటూ చదవాల్సిన అవసరం లేకపోయింది.

ఇంకో చిన్న పని చేసుకుంటే చదువు సాఫీగా సాగుతుంది. ఒక చీటీ మీద పేర్లు రాసి పెట్టుకోండి. ఇక్కడ ఒక్కొక్కరికీ అందరూ పిలిచే పేరొకటి, అసలు పేరొకటి. టెనార్‌ని ఊళ్లో గోహా అంటారు. గెడ్ కొందరికి స్పారోహాక్, కొందరికి ఉత్త హాక్. మూడో పుస్తకంలో అరెన్‌గా తిరిగిన కుర్రాడు ఇప్పుడు లెబానెన్ రాజు. నా చీటీయే నాకు బుక్‌మార్క్ అయింది.

మొదటి అధ్యాయం పేరు ‘ఒక చెడ్డ విషయం’ అన్న అర్థం వచ్చేట్టు ఉంటుంది. ముందే చెప్తున్నాను, గుండె చిక్కబట్టుకోండి. దేశదిమ్మరుల గుంపు ఒకటి ఒక చిన్నపిల్లని కొట్టి, మంటల్లోకి తోసి వదిలేసి వెళ్తుంది. ముఖంలో ఒక పక్క, ఒక చెయ్యి కాలిపోతాయి. టెనార్ ఆ పిల్లని దగ్గరికి తీసుకుంటుంది, థెర్రు అని పేరు పెడుతుంది. లెగ్విన్ ఎక్కడా రక్తాలూ గాయాలూ ఏకరువు పెట్టరు. రెండు మూడు వాక్యాల్లో చెప్పి వదిలేస్తారు. అదే ఇంకా కష్టం. మొదటి మూడు పుస్తకాల్లో చెడు అంటే నీడలు, నేల కింది పురాతన శక్తులు, చావుని జయించాలనుకున్న మంత్రగాడు. ఇక్కడ చెడు అంటే దారిన పోయే మనుషులు. ఆ మొదటి అధ్యాయం అయ్యాక రాత్రిపూట ఈ పుస్తకం పట్టుకోకూడదని నిర్ణయించుకున్నాను. తర్వాత చాలావరకు పగలే చదివాను. పిల్లల మీద హింస చదవలేనివాళ్లు ఇది తెలుసుకునే మొదలుపెట్టండి. అది ఒక్క అధ్యాయంతో పోయేది కాదు, ఆ మనుషుల్లో ఒకడు హ్యాండీ అనేవాడు మళ్లీ మళ్లీ కనబడుతూనే ఉంటాడు.

మూడో అధ్యాయంలో ఓగియన్ చనిపోతాడు. గెడ్‌కి పేరు పెట్టిన గురువు, మాట కంటే మౌనం నేర్పిన మనిషి. ఇది పుస్తకం వెనక అట్ట మీది నాలుగు ముక్కలు చదివినా ఊహించుకోవచ్చు, అయినా ఏడుపు ఆగలేదు. ఏడుపు కంటే ఎక్కువగా గుర్తుండిపోయేది ఆ తర్వాతి సన్నివేశం. ఇద్దరు మంత్రగాళ్లు వస్తారు. ఆయన్ని ఎక్కడ పాతిపెట్టాలి అని వాదించుకుంటారు. ఆయన అసలు పేరు ఎవరికీ తెలియకుండా పోయిందే అని బాధపడతారు. చనిపోయే ముందు ఆ పేరు ఆయన టెనార్‌కే చెప్పాడు, ఆమె ఆ పేరు వాళ్ల ముందే పలికింది కూడా. వాళ్లకి వినపడలేదు. పల్లెటూరి ఆడమనిషి మాట కాబట్టి చెవిన పడలేదు. ఆమె కోపంతో మళ్లీ చెప్పాల్సి వస్తుంది. పుస్తకం దేని గురించో నాకు తెలిసింది అక్కడే. ఆ పేజీ దగ్గర ఆగి, లేచి కాసేపు అటూ ఇటూ నడిచి వచ్చాను.

గెడ్ ఇంకా రాలేదు. అతని కోసం ఎదురుచూస్తూ మూడు అధ్యాయాలు గడిచిపోతాయి. నాలుగోది ‘కలెస్సిన్’. టెనార్ కొండ అంచున కూర్చుని సముద్రం వైపు చూస్తుంటే పడమర దూరంగా ఏదో ఎగురుతూ కనిపిస్తుంది. పక్షి అనుకుంటుంది. అది దగ్గరపడే కొద్దీ నా చేతులు చల్లబడ్డాయి. డ్రాగన్ వాలి, కాలు మెట్టులా చాపితే, ఆమె పైకెక్కి స్పృహ లేని గెడ్‌ని కిందికి దించుకుంటుంది. ఈ వరస మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పేజీలు ఇవే. ఆ రోజు వాటిని పైకి చదువుకున్నాను, తర్వాత మళ్లీ మనసులో చదువుకున్నాను. ఎదురుచూసిందంతా వచ్చేసింది అనిపించింది.

అసలు కష్టం అక్కడి నుంచి మొదలైంది. గెడ్‌కి స్పృహ వస్తుంది, ఒళ్లు కోలుకుంటుంది, కానీ శక్తి లేదు. ఒక్క చుక్క కూడా మిగల్లేదు. రాజుగారి మనుషులు వెతుక్కుంటూ వస్తే వాళ్ల ఎదుట పడలేక దాక్కుంటాడు. డ్రాగన్లతో మాట్లాడినవాడు, మంత్రగాళ్లందరికీ పెద్దగా ఉన్నవాడు, ఎవరికీ కనబడకుండా పోయి కొండల్లో మేకలు కాచుకుంటాడు. పుస్తకం మూసేశాను. మే నెలలో చాలా రోజులు దాన్ని ముట్టుకోలేదు. నా గెడ్‌ని నాకు ఇలా చూపించడం ఎందుకు అని రచయిత్రి మీద కోపం వచ్చింది. మీక్కూడా వస్తుంది. రానివ్వండి, పుస్తకాన్ని మాత్రం తిరిగి అలమరలో పెట్టేయకండి. నలుగురూ నాకు మూడింటితో ఆపేయమని చెప్పింది సరిగ్గా ఈ చోటుని తలుచుకునే అయి ఉంటుంది.

తిరిగి రావడానికి నాకు పనికొచ్చింది మూడో పుస్తకమే. చివరి పేజీలు మళ్లీ తీశాను. చనిపోయినవాళ్లు ఉండే ఆ ఎండిపోయిన లోకంలో తెరుచుకున్న తలుపు మూయడానికి గెడ్ తన దగ్గరున్నదంతా ఖర్చుపెట్టేశాడు, ఏమీ మిగుల్చుకోలేదు. అతను చేయాల్సిందంతా చేసేశాడు, ఇంటికి వెళ్తున్నాడు అని రోక్ ద్వారపాలకుడు అప్పుడే అంటాడు. అంటే శక్తి పోయింది 1990లో కాదు, 1972లోనే. అప్పుడు ఆ త్యాగం చూసి ఒళ్లు పులకరించింది. ఆ త్యాగం చేసినవాడు మర్నాడు పొద్దున నిద్ర లేస్తే ఎలా ఉంటాడు, రోజంతా ఏం చేస్తాడు అన్నది ‘టెహాను’ చెప్తోంది. ఈ సంగతి తోచాక కోపం తగ్గింది. జూన్ మొదట్లో మళ్లీ చదవడం మొదలుపెట్టాను.

మధ్య అధ్యాయాలు నెమ్మదిగా నడుస్తాయి. మేకల పాలు పితకడం, నూలు వడకడం, పిల్ల గాయాలకి మందు రాయడం, ఊరి మంత్రగత్తె మాస్‌తో కబుర్లు. యుద్ధాలు, ప్రయాణాలు కావాలనుకుంటే ఇక్కడ విసుగొస్తుంది. రోజుకి ఒక్క అధ్యాయం చాలని పెట్టుకుంటే ఆ నెమ్మదే బాగుంటుంది. ఈ కబుర్లలోనే పుస్తకం అసలు ప్రశ్న వేస్తుంది. ఆడవాళ్ల మంత్రం బలహీనం, ఆడవాళ్ల మంత్రం చెడ్డది అని గాంట్‌లో సామెతలు ఉన్నాయని 1968 నాటి మొదటి పుస్తకంలోనే ఉంది. అప్పుడు చదువుతూ దాన్ని దాటి వెళ్లిపోతాం, అందులో అది ఆ లోకపు రివాజు మాత్రమే. రోక్ బడిలో అమ్మాయిలు లేరు, అదీ అంతే. ఇరవై రెండేళ్ల తర్వాత అదే రచయిత్రి వెనక్కి వచ్చి, తాను రాసిన ఆ వాక్యాలనే నిలదీస్తున్నారు. ఎవరో విమర్శకులు వచ్చి అడగడం వేరు, తన లోకాన్ని తానే అడగడం వేరు. నాకు లెగ్విన్ మీద గౌరవం ఇంకా పెరిగింది ఇక్కడే. 1992లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆవిడ ఇదే విషయం మీద ఒక ఉపన్యాసం ఇచ్చారు, మరుసటి ఏడాది అది చిన్న పుస్తకంగా వచ్చింది. వీరగాథల్లో వీరుడంటే మగవాడే అన్న అలవాటులోనే తానూ రాస్తూ వచ్చానని అందులో చెప్తారు. దాన్ని ‘టెహాను’ పూర్తయ్యాకే చదవండి. ముందే చదివితే ప్రతి సన్నివేశాన్నీ ఆ వాదానికి ఉదాహరణగా చూస్తారు, మనుషుల్ని చూడరు.

‘చలికాలం’ అనే అధ్యాయం దగ్గర పగలే చదవాలన్న నియమం తప్పింది. అర్ధరాత్రి దాటినా పుస్తకం కింద పెట్టలేకపోయాను. రాత్రి, పొలంలో ఒంటరి ఇల్లు, లోపల టెనార్, పిల్ల. బయట ఆ మనుషులు తలుపులూ కిటికీలూ తోసి చూస్తున్నారు. మంత్రంతో కాపాడేవాడు ఎవడూ లేడని మనకి తెలుసు. గెడ్ వస్తాడు, చేతిలో గడ్డి ఎత్తే పంగలకర్ర తప్ప ఏమీ లేదు. మొదటి పుస్తకంలో అతను డ్రాగన్‌కి ఎదురు నిలబడినప్పుడు కూడా నాకు ఇంత భయం వేయలేదు. శక్తి లేనివాడు కాబట్టే ఆ నిలబడటానికి అంత విలువ వచ్చింది. ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్యా ప్రేమ. ఎంత తక్కువ మాటల్లో రాశారో! ఇన్నేళ్లుగా ఒకరినొకరు తలుచుకున్న ఇద్దరు నడివయసువాళ్లు, ఎలాంటి ఆర్భాటం లేకుండా ఒక్కటవుతారు. ఫాంటసీలో ఇంత పెద్దమనుషుల ప్రేమ నేను ఇంకెక్కడా చదవలేదు.

తర్వాత టెనార్ కొడుకు స్పార్క్ ఓడ మీద నుంచి తిరిగొచ్చే భాగం చిన్నదే కానీ నన్ను వదలడం లేదు. తిన్న పళ్లెం తీయమంటే, అది ఆడవాళ్ల పని అంటాడు. ఈ వంటింట్లో తినేవాళ్లందరి పనీ అంటుంది తల్లి. నాది కాదు అని బయటికి వెళ్లిపోతాడు. పక్కనే గెడ్. ఒకప్పుడు లోకాన్ని నిలబెట్టినవాడు ఆ పని చేస్తాడు, కన్నకొడుకు చేయడు. ఎవరూ అరవరు, ఏమీ పగలదు. నాకు మాత్రం ఆ అధ్యాయం అయ్యేదాకా కడుపులో మంటగానే ఉంది.

ముగింపు గురించి నా ఫిర్యాదు దాచను. చివరి అధ్యాయంలో ఆస్పెన్ అనే మంత్రగాడు టెనార్‌నీ గెడ్‌నీ వశం చేసుకుని కుక్కల్లా హింసిస్తాడు. చదవడం చాలా కష్టం. థెర్రు కొండ అంచుకి పరుగెత్తి కలెస్సిన్‌ని పిలుస్తుంది, డ్రాగన్ వస్తుంది, అంతా కొన్ని పేజీల్లోనే తేలిపోతుంది. అంత నెమ్మదిగా నడిచిన పుస్తకం ఒక్కసారిగా ఉరకడం నాకు మింగుడుపడలేదు. ఆస్పెన్ ద్వేషం తప్ప వేరే ఏమీ లేని మనిషి. హ్యాండీ మీద పెట్టినంత శ్రద్ధ అతని మీద పెట్టలేదు అన్నది నా అభిప్రాయం, రెండోసారి చూసినా మారలేదు.

థెర్రు విషయం మాత్రం రెండోసారి చూస్తే మారింది. ఆ పిల్ల ఎవరో చివర్లో తెలిసినప్పుడు హఠాత్తుగా అనిపించింది. వెంటనే వెనక్కి వెళ్లి రెండు చోట్లు వెతికి చదివాను. ఒకటి, ఒకప్పుడు మనుషులూ డ్రాగన్లూ ఒకే జాతి అని టెనార్ పిల్లకి చెప్పే కథ. రెండు, నేతపని చేసే ముసలాయన ఇంట్లోని విసనకర్ర, ఒక వైపు మనుషులు, ఇంకో వైపు డ్రాగన్లు, వెలుగుకి ఎదురుగా పట్టుకుంటే రెండూ కలిసిపోయి కనిపించేది. అన్నీ ముందే చెప్పి పెట్టారు. డ్రాగన్ ఆమెని అసలు పేరుతో టెహాను అని పిలిచే చోట, ఇప్పుడు చదివితే ఒళ్లు జలదరిస్తుంది. మీరు కూడా పూర్తి చేసిన రోజే ఈ రెండు చోట్లకీ వెళ్లండి, ఇంకో రోజుకి వాయిదా వేస్తే ఆ వేడి పోతుంది.

జూన్ చివర్లో చివరి పేజీ అయింది. తర్వాత కొన్ని రోజులు ఇంకో పుస్తకం పట్టలేకపోయాను. నాలుగైదు మొదలుపెట్టి పక్కన పెట్టాను. పాత మూడింటి మీద ప్రేమ పాడవుతుందన్న భయం మాత్రం తీరింది. మొన్న మొదటి పుస్తకం తెరిచి, ఓగియన్ ఇంట్లో కుర్ర గెడ్ విసుక్కునే భాగం చదివితే, అదే ఇంట్లో తర్వాత ఎవరెవరు ఉండబోతున్నారో తెలిసి ఆ పేజీలు ఇంకా దగ్గరయ్యాయి.

ఇక్కడి నుంచి ముందుకి వెళ్లేవాళ్లు వరస తప్పకండి. ‘టెహాను’ తర్వాత నేరుగా నవలకి వెళ్లకుండా, 2001 నాటి కథల పుస్తకంలో ‘డ్రాగన్‌ఫ్లై’ ముందు చదవాలి. ఈ పుస్తకానికీ ఆఖరి నవలకీ మధ్య వంతెన అదే, అందులోని ఇరియన్ ఆ నవలలో మళ్లీ వస్తుంది. నేను ఆ కథ నిన్ననే మొదలుపెట్టాను. అమ్మాయిలకి ప్రవేశం లేని రోక్ బడి తలుపు దగ్గరికి ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. పేర్ల చీటీలో ఇంకో నాలుగు పేర్లు చేరాయి.